ఇళ్ళ వరస

అండమాన్ మొత్తం పక్కకి జరిగిందన్న సంగతి గవరయ్య మాస్టారు టిన్ను షెడ్డులో కూర్చుని పేపర్లో చదివారు. డిసెంబరులో భూకంపం వచ్చి, సముద్రం ఊళ్ళ మీద పడ్డాక కొన్ని నెలలకి వచ్చిన వార్త అది. శాస్త్రవేత్తలు ఉపగ్రహాల సాయంతో కొలిచి చూశారట. పోర్ట్ బ్లెయిరూ, దాని కొండలూ రోడ్లూ జెట్టీలూ అన్నీ కలిసి కొన్ని గజాలు నైరుతి వైపు జరిగాయట. జరగడమే కాక కిందికి కూడా దిగాయట. ఉత్తరాన డిగ్లీపూర్ వైపు మాత్రం నేల పైకి లేచిందట.

మాస్టారు ఆ వార్త మళ్ళీ ఒకసారి చదివి గట్టిగా నవ్వారు. ఇళ్ళు పోయినవాళ్ళకని గవర్నమెంటు వేసిన ఆ రేకుల షెడ్డుల్లో ఎవరూ అలా నవ్వి చాలా కాలమైంది. రేకు గోడకి అవతల ఉంటున్న అసిరయ్య ఉలిక్కిపడి కేక వేశాడు.

"ఏటయింది మాస్టారూ?"

"ఏం లేదులే. మనమంతా జరిగామట."

"ఎక్కడికి?"

"ఎక్కడికంటే ఏం చెప్పను?" అన్నారు మాస్టారు. అప్పటికే నవ్వు ఆగిపోయింది. ఈ వార్త చెప్పుకోవలసిన మనిషి ఒక్కతే ఉండేది. ఆమె పోయి రెండేళ్ళు దాటింది.

గవరయ్య అనకాపల్లి దగ్గరి పల్లె నుంచి ఫిజిక్సు టీచరుగా పోర్ట్ బ్లెయిర్ వచ్చినప్పుడు పడుచువాడు. విశాఖపట్నంలో ఓడ ఎక్కుతూ, రెండు మూడేళ్ళు చేసి వచ్చేస్తానని అందరికీ చెప్పాడు. అదే బడిలో నూకరత్నం జాగ్రఫీ చెప్పేది. ఆమె ఇక్కడే పుట్టింది. ఆమె తండ్రి రేవులో పనికని వచ్చి దీవుల్లో స్థిరపడ్డ మనిషి. పెళ్ళయ్యాక గవరయ్య వెనక్కి వెళ్ళే మాట ఎత్తలేదు. పిల్లలు కలగలేదు. రిటైరయ్యే ముందు ఊరికి దక్షిణాన, వాగు ఒడ్డున తెలుగువాళ్ళ ఇళ్ళ లైనులో కాస్త స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకున్నారు.

ఆ మొగుడూ పెళ్ళాల మధ్య ఒక వాదన ఉండేది. స్టాఫ్ రూములో మొదలై ఇంటిదాకా వచ్చి, పెళ్ళితో కూడా ఆగని వాదన. చోటు అనేది నిజంగా ఉందా, లేక అది మన భ్రమా?

నూకరత్నానికి అందులో అనుమానం లేదు. "ప్రతి చుక్కకీ ఒక అక్షాంశం, ఒక రేఖాంశం ఉన్నాయి. మనుషులున్నా పోయినా చోటు చోటే. డబ్బాలో బియ్యం అయిపోతే డబ్బా మాయమైపోతుందా?" అనేది.

"డబ్బా లేదు. బియ్యపు గింజలే ఉన్నాయి. ఇది దానికి కుడిపక్క, అది దీనికి వెనక. ఆ వరసకే మనం చోటని పేరు పెట్టుకున్నాం. గింజలన్నీ తీసెయ్యి, ఏమీ మిగలదు. కాలమూ అంతే. ఒకదాని తరవాత ఒకటి జరగడమే కాలం. ఏదీ జరక్కపోతే కాలమూ లేదు," అనేవారు మాస్టారు.

ఫిజిక్సులో పెద్దవాళ్ళే ఈ సంగతి తేల్చుకోలేదని ఆయనకు తెలుసు. చోటూ కాలమూ దేనితోనూ నిమిత్తం లేకుండా వాటంతట అవే ఉంటాయని న్యూటన్ అన్నాడు. తరవాతి వాళ్ళు ఆ రెండూ కలిసిన ఒకటే నేత అనీ, బరువుకి అది వంగుతుందనీ లెక్కలు కట్టి చూపించారు. ఇప్పటివాళ్ళలో కొందరు ఆ నేత కూడా పైకి కనబడేదేననీ, లోపల వేరే ఏదో ఉందనీ అంటున్నారు. అయినా ఇంట్లో వాదించేటప్పుడు మాస్టారు అంత దూరం వెళ్ళేవారు కాదు. ఆమెను చిక్కుల్లో పెట్టే ప్రశ్న ఒకటి ఆయన దగ్గర ఉండేది.

"సరే, మనం నిద్రపోతుండగా ఈ లోకమంతా నాలుగు గజాలు పక్కకి జరిగిందనుకో. ఇళ్ళూ చెట్లూ నక్షత్రాలూ అన్నీ. పొద్దున్నే నీకు తెలుస్తుందా?"

"తెలీదు."

"ఎవరికీ తెలియని జరగడం జరిగినట్టెలా అవుతుంది?"

"నాకు తెలీకపోతే మాత్రం? పాత చోటు అక్కడే ఖాళీగా పడుంటుంది, పాపం," అనేది నూకరత్నం.

ఆ 'పాపం' అనే మాటకి ఆయన ప్రతిసారీ నవ్వేవారు.

ఒక వానాకాలం జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి ఆమె పోయింది. ఆమె కళ్ళజోడు కిటికీ గూట్లోనే ఉంచి, ఆమె పీట వంటింట్లో వేసినచోటే వదిలేసి మాస్టారు ఆ ఇంట్లో కాలం గడిపారు. రెండేళ్ళ తరవాత డిసెంబరులో ఓ ఆదివారం పొద్దున్నే భూమి ఊగింది. లైనులో వాళ్ళంతా బయటికి పరిగెత్తి వచ్చి నిలబడ్డారు. కాసేపటికి వాగు ఎదురు తిరిగి ఇళ్ళ మీదికి రావడం చూసి కొండెక్కారు. ప్రాణాలు దక్కాయి. కానీ వచ్చిన నీళ్ళు మామూలు వరదలా వెనక్కి తీయలేదు. నేలే కిందికి దిగిపోయింది. ప్రతి పోటుకీ సముద్రం ఇళ్ళలోకి వస్తూ పోతూ ఉండడంతో, ఉప్పుకి గోడలు నాని, ఒక్కొక్కటిగా కూలాయి.

ఆ ఇళ్ళు ఉన్నప్పుడు లైను ఇలా ఉండేది. మాస్టారు అరుగు మీద కూర్చుంటే ఎడమపక్కది అసిరయ్య ఇల్లు. అతను చేపలు పట్టేవాడు. కుడిపక్కది లారీ డ్రైవరుగా రిటైరైన పున్నయ్యది. అతని భార్య శేషమ్మ. ఎదురుగా, సందుకి అవతల, తాతమ్మ టీ కొట్టు.

పేపర్లో ఆ వార్త చదివిన వారంలోనే మాస్టారు అసిరయ్యని అడిగారు. "ఒకసారి నీ డింగీ పడవలో మా ఇంటికి తీసుకెళ్తావా?"

"ఇల్లెక్కడుంది మాస్టారూ, ఖాలీ పానీ, ఉత్త నీళ్ళే," అన్నాడు కానీ, పోటు తగ్గే వేళ చూసి తీసుకెళ్ళాడు.

లైను ఉన్న మేరంతా చిన్న సముద్రంలా ఉంది. ఎండిపోయిన కొబ్బరి మాన్లు తలల్లేకుండా నిలబడి ఉన్నాయి. అసిరయ్య గెడ వేసుకుంటూ దారి చెప్పాడు. "అదిగో, ఆ మాను పున్నయ్య పెరట్లోది. కొండ మీద టవరూ ఆ మానూ ఒక్క గీటులోకి వచ్చీదాకా ఎల్తాం. అదే మీ అరుగు."

అదే. నీళ్ళ అడుగున ఎర్ర సిమెంటు గచ్చు కనబడింది. మాస్టారు పంచె ఎగగట్టి దిగారు. మోకాలి లోతు నీళ్ళలో తమ వంటింట్లో నిలబడ్డారు. చిన్న చిన్న చేపలు కాళ్ళ చుట్టూ తిరిగాయి. షెడ్డుకి తిరిగి వెళ్ళేటప్పుడు మొహం తేటగా ఉండడం అసిరయ్య గమనించాడు. ఆ తరవాత వీలైనప్పుడల్లా వెళ్ళారు. షెడ్డులో ఒక రోజుకీ ఇంకో రోజుకీ తేడా లేదు. డింగీ ఎక్కిన రోజులే ఆయనకి రోజుల్లా ఉండేవి.

మరుసటి ఏడు వానలు తగ్గాక వెళ్తే మాను లేదు. గాలికి పడిపోయి కొట్టుకుపోయింది. మొండి గోడలు కూడా బురదలో కలిసిపోయాయి. ఒండ్రు కప్పేసి గచ్చు ఎక్కడా కనబడలేదు. టవరు మాత్రం ఉంది. ఒక్క టవరుతో ఏం తెలుస్తుంది?

"ఇక్కడే, అసిరయ్యా."

"కాదు మాస్టారూ, ఇంకా అటు. ఇక్కడ తాతమ్మ కొట్టుండేది."

"తాతమ్మ కొట్టు ఇంత దగ్గరా?"

ఇద్దరూ గెడతో పొడిచి చూశారు. ఎక్కడ పొడిచినా మెత్తటి బురదే. చివరికి అసిరయ్య గెడ పైకి తీసి, "పోనీండి. అంతా ఒకటే ఇప్పుడు," అన్నాడు.

మాస్టారు డింగీ అంచు పట్టుకుని కూర్చున్నారు. ఆయన జీవితమంతా చెప్పింది ఇదే. చెట్టూ గోడా అరుగూ ఒకదానికొకటి ఎంత దూరమో, ఏ పక్కనో, అంతవరకే చోటు. అవి పోతే చోటు కూడా పోతుంది. ఇంత నిక్కచ్చి రుజువు ఏ లేబరేటరీలోనూ దొరకదు. ఆమె చెప్పిన ఖాళీ డబ్బా కోసం ఆయన ఆ నీళ్ళంతా కళ్ళతో వెతికారు. నీళ్ళు ఎక్కడ చూసినా ఒకేలా ఉన్నాయి.

ఆ ఏడాదే పైన కొండవాలులో పక్కా ఇళ్ళు పూర్తయ్యాయి. లాటరీ తీసి ఎవరికి ఏ ఇల్లో నంబర్లు ఇచ్చారు. లైనులో వాళ్ళు తలో మూలకీ పోయారు. మాస్టారికి కొండ అంచున, గాలి బాగా వచ్చే ఇల్లు పడింది. అందరూ అదృష్టమన్నారు. ఆయన మాత్రం ఆ కాగితం చేతిలో పెట్టుకుని చాలాసేపు ఆలోచించారు. చోటంటే వరసే అయినప్పుడు, వరసని ఎత్తుకుపోయి ఇంకోచోట పెట్టుకోవచ్చు కదా?

ఇళ్ళు పంచే ఆఫీసులో ఇంజనీరు గణేశ్వరరావు ఊళ్ళోనే మిడిల్ పాయింట్‌లో పుట్టి పెరిగినవాడు. మాస్టారి దగ్గర చదువుకున్నాడు. ఆయన్ని చూడగానే లేచి కుర్చీ వేశాడు.

"సార్, లాటరీ హో గయా సార్, అయిపోయింది. నంబర్లు పైకి వెళ్ళిపోయాయి."

"లాటరీ మార్చమనడం లేదు బాబూ. ఇల్లు ఎక్కడైనా ఫర్వాలేదు. మాకు మా వరస కావాలి. నా ఎడమపక్క అసిరయ్య, కుడిపక్క పున్నయ్య, ఎదురుగా తాతమ్మ."

గణేశ్వరరావు తల గోక్కున్నాడు. "ఇద్దరిద్దరూ రాజీ అయితే ఇళ్ళు మార్చుకోవచ్చు సార్, దానికి రూల్ ఉంది. లేకిన్ మీకు వచ్చింది ఏ వన్ ఇల్లు. కింద వరసలో ఎవరితో మార్చుకున్నా నష్టమే. వరస కలిస్తే ఏమవుతుంది సార్?"

"పాత చోటు వస్తుందేమో చూద్దామని."

అతను నవ్వబోయి, మాస్టారి మొహం చూసి మానేశాడు.

మాస్టారు షెడ్డు షెడ్డుకీ తిరిగారు. అసిరయ్య వెంటనే ఒప్పుకున్నాడు. "నాకు ఏ ఇల్లయితే ఏటి? నేనుండేది నీళ్ళ మీద కదా."

తాతమ్మ మాత్రం దెబ్బలాడింది. "వరసేటి బాబూ? నాకు రోడ్డు మొగాన ఇల్లొచ్చింది. అదొగ్గీసి మీకెదురుగా కూకుంటే నా టీ ఎవుడు తాగుతాడు?"

"నేను తాగుతాను."

"మీరొక్కరూ ఎన్ని తాగుతారు?" అని ఆమె పొయ్యి ఊదుకుంటూ కూర్చుంది. కాసేపయ్యాక తల ఎత్తకుండానే అంది. "మేడమ్ గారుంటే ఈ మాట అడగడానికి ఆవిడే వచ్చును. ఆవిడొస్తే నేను కాదందును కాను. సరే, రాసుకోండి."

పున్నయ్య ససేమిరా అన్నాడు. "ఇల్లు పోయింది మీ ఒక్కరికేనా మాస్టారూ? నేను కొత్త ఇంట్లో కొత్తగా ఉందామనుకుంటన్నాను. మళ్ళా మీ పక్కకే వచ్చి, పోయినవన్నీ తలుచుకుంటా కూకోమంటారా?"

పున్నయ్య మాటలో తప్పేమీ లేదు. మాస్టారు తలూపి వచ్చేశారు. ఆ రెండు రోజులూ తను ఎవరి బతుకుతోనో ఆడుకుంటున్నాననిపించింది. మూడో రోజు పున్నయ్యే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మా శేషమ్మకి హిందీ రాదు. మాకొచ్చిన ఆ మూలింటికి అటూ ఇటూ తెలుగు ముక్క వచ్చినోళ్ళు లేరట. పిచ్చెక్కుతాది నాకంటోంది. నేను మీ మాటకి రావటం లేదు, ఆవిడ మాటకొస్తన్నాను," అని చెప్పి వెళ్ళిపోయాడు.

మాస్టారు గాలి వచ్చే ఇల్లు వదులుకున్నారు. ఆఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా, కింది వరసలో పక్కపక్కన మూడిళ్ళూ, ఎదురుగా తాతమ్మకి ఒకటీ కుదిరాయి. వానలు మొదలవకముందే అందరూ చేరారు. సామాను పెద్దగా లేదు. మాస్టారు ఒక పీట కొని వంటింట్లో పాత ఇంట్లో ఉన్న మూలనే వేశారు. మంచం కూడా అక్కడిలాగే తూర్పు కిటికీ పక్కన వేసుకున్నారు.

దీవుల్లో తెల్లవారడం పెందరాళే. మొదటి రోజు ఆయన వెలుగు రాకముందే లేచి వచ్చి మెట్టు మీద కూర్చున్నారు. ఎడమపక్క ఇంట్లో అసిరయ్య దగ్గాడు. అచ్చం అప్పటిలాగే, గొంతు సవరించుకుంటూ. ఆ తరవాత కుడిపక్క పున్నయ్య రేడియో గరగరలాడి విశాఖపట్నం కేంద్రాన్ని అందుకోబోయి తప్పిపోయింది. శేషమ్మ దాన్ని ఆపమని కేకేసింది. ఎదురుగా తాతమ్మ స్టవ్వు బుస్సుమంది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. కొండవాలు లేదు, కొత్త సున్నం వాసన లేదు. వాగు ఒడ్డు లైను ఆయన చుట్టూ మళ్ళీ నిలబడింది. దగ్గు తరవాత రేడియో, రేడియో తరవాత స్టవ్వు, స్టవ్వు తరవాత రావలసింది వంటింట్లో ఆమె గాజుల చప్పుడు, గ్లాసు కింద పెట్టిన చప్పుడు.

ఆయన ఎదురు చూశారు.

తాతమ్మ టీ కాగింది. పున్నయ్య బయటికి వచ్చి చొక్కా దులుపుకున్నాడు. ఎండ మెట్టు మీదికి వచ్చింది. ఆయన అలాగే కూర్చుని ఉన్నారు. పక్కింటివాళ్ళందరినీ తెచ్చి ఎవరి చోట వాళ్ళని పెట్టారు. ఎవరికి ఎవరు ఎంత దూరమో సరిగ్గా కుదిరింది. అయితే ఇన్నేళ్ళూ ఆ దూరాలన్నీ ఆయన ఏ మనిషి నుంచి కొలుచుకున్నారో ఆ మనిషి లేదు. వాగు ఒడ్డు ఇల్లు మునగకముందే, అంతకు రెండేళ్ళ ముందటి ఆ వానాకాలంలోనే, ఆ చోటు పోయింది. ఆ తరవాత ఆయన కాపురం చేసింది గోడల మధ్యన.

సాయంత్రం అసిరయ్య చేపలు అమ్ముకుని వచ్చి మెట్టు మీద పక్కనే కూర్చున్నాడు. "ఏం మాస్టారూ, కుదిరిందా?"

"కుదిరిందయ్యా."

"మరి అలా ఉన్నారేటి?"

మాస్టారు ఆ పాత వాదనంతా అతనికి చెప్పారు, డబ్బా, బియ్యపు గింజలతో సహా. అసిరయ్య శ్రద్ధగా విన్నాడు.

"అయితే ఆఖరికి ఎవులు నెగ్గినట్టు?"

"నేనే. చోటు విడిగా లేదు. ఆవిడ చెప్పినట్టు ఉంటే, నువ్వు నన్ను డింగీలో తీసుకెళ్ళేవాడివి, నేను వెళ్ళి అక్కడ కూర్చునేవాణ్ణి. ఖాళీగా ఉన్నా సరే." మాస్టారు అరచేత్తో మొహం తుడుచుకున్నారు. "ఓడిపోతే బాగుండేది అసిరయ్యా."

అసిరయ్య చీకటి పడేదాకా పక్కనే కూర్చున్నాడు.

మర్నాడు మాస్టారు తాతమ్మ దగ్గరికి వెళ్ళి, రోడ్డు మీది ఇల్లు ఇంకా ఎవరూ చేరకుండా ఉందనీ, మళ్ళీ మార్చుకోమనీ చెప్పారు. ఆమె ఆయన్ని ఎగాదిగా చూసి, "మీకు మతి గానీ పోనాదా?" అంది. అయినా ఆ నెలలోనే వెళ్ళింది. ఆమె బేరం పుంజుకుంది. పున్నయ్యకి కూడా ఆమె ఇంటికి రెండిళ్ళ అవతల ఖాళీ ఇల్లు దొరికింది. శేషమ్మకి మాటకి తాతమ్మ ఉంది కదా అని అతనూ కదిలాడు. వెళ్ళేటప్పుడు మొహమాటపడ్డాడు. "ఏమీ అనుకోకండి." మాస్టారు అతని రేడియో తనే మోసుకెళ్ళి కొత్త ఇంట్లో పెట్టి వచ్చారు. అసిరయ్య మాత్రం కదల్లేదు. కానీ అతను ఇంట్లో ఉండే వేళలు తక్కువ.

డింగీ ఎక్కడం మాస్టారు మానేశారు. అసిరయ్య ఒకటి రెండుసార్లు పిలిచి, తరవాత పిలవలేదు.

కుడిపక్క ఇంట్లోకి వీరలక్ష్మి అనే నర్సు వచ్చింది. దీవుల్లోనే పుట్టిన పిల్ల. తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. వానలు దిగిన రోజు మధ్యాహ్నం పెద్ద నీళ్ళ డ్రమ్ము ఒకటి దొర్లించుకుంటూ వచ్చి, మెట్టు మీదున్న మాస్టారిని అడిగింది.

"అంకుల్, యే కహాఁ రఖూఁ? ఎక్కడ పెడితే బాగుంటుంది?"

"ఎక్కడైనా పెట్టుకోమ్మా," అన్నారు ఆయన.

ఆమె కొంచెం నిరాశగా అటూ ఇటూ చూసింది. గోడకి ఓ మూలగా ఆనించింది. అక్కడ చూరు నీళ్ళు పడవని మాస్టారు గమనించారు. లేచి వెళ్ళారు.

"అక్కడ కాదు. ఇటు తే. ఒక్కదానివే ఎత్తకు, నేనూ పడతాను."

ఇద్దరూ డ్రమ్ముని చూరు కిందికి మోశారు. అప్పుడే వాన పెద్దదై, ఖాళీ డ్రమ్ములో మోత పుట్టింది. వీరలక్ష్మి తల మీద చున్నీ కప్పుకుంది.

"ఇంతకు ముందు ఈ ఇంట్లో ఎవరుండేవారు అంకుల్?"

"పున్నయ్య అని, డ్రైవరు. కొన్నాళ్ళే ఉన్నాడు. ఇప్పుడు రోడ్డు వైపు ఉంటున్నాడు."

"చాయ్ తాగుతారా? ఇప్పుడే పెడతాను."

"ఇంకోసారి వస్తానమ్మా. తడిశాను."

ఆయన లోపలికి వచ్చి చొక్కా విప్పి దండెం మీద ఆరేశారు. తూర్పు కిటికీలోంచి జల్లు కొట్టి పక్క సగం తడిసింది. కిటికీ మూసి, మంచాన్ని ఒక్కరే లోపలి గోడ దగ్గరికి లాక్కున్నారు.